పాత కంప్యూటరుకు కొత్త పరుగు

మా మేనల్లుడు పండగకు వచ్చాడంటే మా యింట్లో ఏదో ఒక వస్తువు మరలు ఊడదీయించుకుని బల్లమీద పడుకోవలసిందే. ఒక ఏడు గోడగడియారం అయింది, మరొక ఏడు మిక్సీ అయింది. మొన్న సంక్రాంతికి మా పాత కంప్యూటరు వంతు వచ్చింది.

అది 2011లో కొన్నది. బెజవాడలో ఒక కొట్టాయన విడిభాగాలు తెప్పించి మా కళ్లముందే అమర్చి యిచ్చాడు. మా ఆవిడ రాసే యింటి జమాఖర్చులు, అమ్మాయి చదువు కాగితాలు అన్నీ అందులోనే. అన్నిటికన్న ముఖ్యం మా అమ్మ పాటలు. అమ్మ పోయి చాలాకాలమైంది. ఆవిడ పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు, తిరగలి పాటలు పాత క్యాసెట్లలో వుండిపోయాయి. టేపులకు బూజు పడుతున్నదని భయం వేసి ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. ఎక్కించడం సరే, ఆ పాటలో హోరు తీసి శుభ్రం చెయ్యమంటే మాత్రం యంత్రం ఎండలో బండి లాగిన ఎద్దులా ఆయాసపడేది.

"మామయ్యా, దీన్ని ఓవర్‌క్లాక్ చేద్దాం. పైసా ఖర్చు లేకుండా వేగం పెరుగుతుంది" అన్నాడు మేనల్లుడు.

"పైసా ఖర్చు లేకుండా వచ్చేది పెళ్లిలో తాంబూలం ఒక్కటేరా. మీ అత్తయ్య నడుగు" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచే, "అత్తయ్యగారి పాటలు పోతే మాత్రం ఊరుకోను" అంది. అంటే ఒప్పుకున్నట్టే లెక్క.

ఓవర్‌క్లాకింగు అంటే ఏమిటో ముందు చెప్పాలి. కంప్యూటరులో ఆలోచన పని చేసేది ప్రాసెసరు. అది ప్రతి పనీ తాళం ప్రకారమే చేస్తుంది. బోర్డుమీద చిన్న స్ఫటికపు ముక్క ఒకటి వుంటుంది. విద్యుత్తు తగిలితే అది ఎప్పుడూ ఒకే లయలో కంపిస్తుంది. ఆ లయను ఆధారం చేసుకుని సెకనుకు పదికోట్ల దెబ్బల మూలతాళం తయారవుతుంది. మా ప్రాసెసరు ఇంటెల్ వారి ఐ5-2500కె. అది మూలతాళాన్ని తనలో 33 రెట్లు చేసుకుని, సెకనుకు 330 కోట్ల దెబ్బలతో, అంటే 3.3 గిగాహెర్ట్జులతో నడుస్తుంది. ఆ 33ను 42 చెయ్యి, 46 చెయ్యి అని యజమాని ఆజ్ఞాపించడమే ఓవర్‌క్లాకింగు.

అన్ని ప్రాసెసర్లూ ఈ ఆజ్ఞ వినవు. చాలావాటికి ఆ గుణకం మీద ఫ్యాక్టరీలోనే తాళం వేసేస్తారు. పేరు చివర 'కె' అక్షరం వుండడమే మా దానికి వున్న అదృష్టం. అది వున్నా, బోర్డు తగినది కాకపోతే లాభం లేదు; ఆ కాలపు హెచ్61 రకం చౌక బోర్డులలో ఈ సౌకర్యం లేదు, పి67, జెడ్68 రకాలలో వుంది. మా కొట్టాయన ఏ పుణ్యాన పి67 అమర్చాడో మరి!

ఇంత పరుగెత్తగలిగినదానికి కంపెనీవారు తక్కువ అంకె ఎందుకు వేసినట్టు? మామిడితోటలో కాయలు ఏరే పద్ధతే ఇక్కడానూ. ఒకే సిలికాను పలకమీద తయారైన చిప్పులన్నీ ఒక్కలా వుండవు. పరీక్షించి, వేగాన్నిబట్టి తరగతులు చేస్తారు. దుమ్ము పట్టిన పెట్టెలోనైనా, వేడి గదిలోనైనా, ఏళ్ల తరబడి తప్పు లేకుండా నడవాలి గనుక కొంత వెసులుబాటు వుంచి అంకె వేస్తారు. చౌకరకానికి గిరాకీ ఎక్కువైతే మంచి కాయలు కూడా చౌక గంపలోకే పోతాయి.

అట్లా చౌక గంపలో పడిన మేలురకపు కాయ ఒకటి చరిత్రకెక్కింది. 1998 ఆగస్టులో ఇంటెల్ కంపెనీ ఒకేసారి రెండు ప్రాసెసర్లు విడుదల చేసింది. పెద్దది పెంటియం-2, 450 మెగాహెర్ట్జులు, ధర 669 డాలర్లు. చిన్నది సెలెరాన్ 300ఏ, 149 డాలర్లు. అంతకు కొద్ది నెలలముందు వచ్చిన మొదటి సెలెరాన్‌కు చేతికందే జ్ఞాపకస్థానం, దాన్నే క్యాష్ అంటారు, రెండో అంచెది బొత్తిగా లేకపోవడంతో నలుగురూ నవ్వారు. ఆ అపఖ్యాతి పోగొట్టుకోవడానికి 300ఏ లో చిప్పు లోపలే 128 కిలోబైట్ల క్యాష్ పెట్టారు. పెంటియంలో 512 వుంది గాని అది చిప్పు బయట వుండి సగం వేగంతో నడిచేది; చిన్నదానిలోది పూర్తి వేగంతో నడిచేది. చిన్న సంచీయే అయినా చేతిలో వున్నది మేలు గదా!

దాని గుణకం నాలుగున్నర, మూలతాళం 66 మెగాహెర్ట్జులు. గుణకానికి తాళం వుంది, మూలతాళానికి లేదు. దాన్ని 100 చేస్తే సరిగ్గా 450! తమాషా ఏమిటంటే, 83కు పెంచితే తంటా, 100కు పెంచితే సుఖం. బోర్డుమీద మిగతా పరికరాలు 33 దెబ్బలకు అలవాటు పడినవి. 83లో సగమంటే నలభై ఒకటిన్నర, డిస్కులు తికమకపడేవి. 100 పెడితే బోర్డు దాన్ని మూడుతో భాగించి మళ్లీ 33 చేసేది. కొన్ని బోర్డులలో ఈ మార్పుకు వీలులేకపోతే, చిప్పు అంచున బి21 అనే ఒక్క రేకుముక్కను టేపుతో కప్పేవారు. టేపు లేనివారు గోళ్లరంగు పూసేవారట. ఆ ఒక్క చుక్కతో 149 డాలర్ల సరుకు 669 డాలర్ల సరుకుతో పందెం కట్టింది.

ఈ సరదా అంతకన్న పాతది కూడాను. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఏటి యంత్రంలో 12 మెగాహెర్ట్జుల స్ఫటికాన్ని పీకి 16ది గుచ్చి, 6 మెగాహెర్ట్జుల వేగాన్ని 8 చేసుకున్నవారున్నారు. అది గ్రహించి ఆ కంపెనీ తరువాతి యంత్రాలలో వేగం హద్దు దాటితే పని ప్రారంభించకుండా ఒక కట్టడి పెట్టింది. ఇంక రికార్డులవారి సంగతి వేరు. 2011లో ఎ.ఎం.డి. వారు తమ ప్రాసెసరును ద్రవ హీలియంతో చల్లబరచి 8.4 గిగాహెర్ట్జులు దాటించారు. అది సర్కసు. మనం సంసారులం.

మా యింటికి వద్దాం. మేనల్లుడు పెట్టె విప్పగానే మా ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది. పంఖా రెక్కలకు పట్టిన దుమ్ముతో ఒక దిండు కుట్టవచ్చును. అది దులిపి, ప్రాసెసరుకూ దానిమీద అల్యూమినియం దిమ్మకూ మధ్య ఎండి పెచ్చులు కట్టిన పూత గోకి, కొత్త పూత రాశాడు. ఇంకా ఏ గుణకమూ ముట్టుకోకముందే వేడి పన్నెండు డిగ్రీలు తగ్గింది! ఇంటింటా చేసుకోవలసిన పని ఇది. దీనికి ధైర్యం కూడా అక్కరలేదు, కుంచె చాలు.

తరువాత బయాస్ తెరలోకి పోయి గుణకం 42 చేశాడు. ఒకసారి అంకె శ్రుతిమించి యంత్రం అసలు లేవనే లేదు. నా గుండె జారిపోయింది. వాడు నింపాదిగా బోర్డుమీది బిళ్ల బ్యాటరీ తీసి, కొంతసేపాగి మళ్లీ పెట్టాడు. పాత అంకెలు వచ్చేసి యంత్రం లేచి కూచుంది. ఆ రాత్రికి 46 దగ్గర నిలబెట్టాడు. ఒక పాటను శుభ్రం చెయ్యడానికి పట్టే కాలం దాదాపు మూడువంతులకు దిగింది. నేను వాడికి చొక్కాగుడ్డ కొనిపెట్టాను.

వెనకటి రోజులలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో దంచేవారు. ఒక రోకలి పైకి లేచాకనే రెండోది దిగాలి. పాట నడక పెంచితే దంపుడు త్వరగా తెములుతుంది. మితిమీరితే రోకళ్లు ఢీకొంటాయి. చిప్పులోనూ అంతే. ఒక దెబ్బకు బయలుదేరిన లెక్క ఎన్నో తలుపులు దాటి, తరువాతి దెబ్బ పడేలోగా నిలకడ చెందాలి. దెబ్బ ముందే పడితే సగం లెక్కే జవాబుగా నమోదవుతుంది. రోకలి పట్టిన చేతికి బలమిచ్చినట్టుగా విద్యుత్ ఒత్తిడి, అంటే వోల్టేజి, కొంచెం పెంచితే తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. కాని ఆ బలం చెమటరూపంలో బయటపడుతుంది. వేగం పెరిగినంతే వేడి పెరుగుతుంది; వోల్టేజి పెంచితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మావాడు 1.2 వోల్టులను 1.35 చేశాడు, నాలుగు భాగాలూ పనిచేసేటప్పటి 3.4 గిగాహెర్ట్జులను 4.6 చేశాడు. గుణించి చూస్తే వేడి డెబ్బై శాతం ఎక్కువ! ఈ లెక్క నేను వేసుకున్నది మే నెలలో.

సంక్రాంతికి మా గది 24 డిగ్రీలు. మే నెలలో ఫ్యాను కింద కూర్చున్నా 38. గదిలో పెరిగిన పద్నాలుగూ ప్రాసెసరు వేడికి అలాగే కలుస్తాయి. యంత్రం ఒకటి రెండుసార్లు నీలం తెర చూపి ఆగిపోయింది. కరెంటు తేడా అనుకున్నాను. ఆగిపోయినా బాగుండేది, ఆగకుండా తప్పు చెయ్యడమే కొంప ముంచింది. పద్నాలుగు పాటలను ఒక మూటగా కుదించి, డిస్కులో చోటు లేదని విడి పాటలు చెరిపేశాను. అమ్మాయి వినాలంటే మూట విప్పబోయాను. విప్పడంలో లెక్క తప్పిందని చెప్పి ఊరుకుంది. తొమ్మిది పాటలు వచ్చాయి, అయిదు రాలేదు.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

మేనల్లుడు మరునాటి బస్సుకే దిగాడు. ప్రైమ్95 అనే ప్రోగ్రాము పెట్టాడు. అది అసలు పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి పుట్టింది. జవాబు ముందే తెలిసిన లెక్కలిచ్చి, ప్రాసెసరు తప్పిందా లేదా చూస్తుంది గనుక ఓవర్‌క్లాకర్లకు గీటురాయి అయింది. 4.6 వద్ద ఇరవై నిమిషాలలో తప్పు దొరికింది. 3.3 వద్ద రాత్రంతా తిప్పినా ఒక్క తప్పూ లేదు. "సంక్రాంతినాడు పది నిమిషాలే చూశాను మామయ్యా" అని తలవంచుకున్నాడు. జ్ఞాపకశక్తి బిళ్లలను కూడా విడిగా పరీక్షించాడు. వాటిలో దోషం లేదు.

ఇది మా యింటి గొడవ మాత్రమే కాదు. 2005లో మైక్రోసాఫ్టులో పనిచేసే రేమండ్ చెన్ అనే ఆయన రాసిన సంగతి ఒకటుంది. ఏ కారణమూ కనబడకుండా ఆగిపోయిన కంప్యూటర్లను విచారిస్తే వాటిలో చాలా ఓవర్‌క్లాక్ చేసినవని తేలింది. కొందరు యజమానులకైతే ఆ సంగతే తెలియదు. కొట్టువారు వేగం పెంచి అమ్మేశారు! 2011లో అదే సంస్థ పరిశోధకులు పదిలక్షల యిళ్ల కంప్యూటర్లను పరిశీలించి, వేగం కొద్దిగా పెంచినా ఆగిపోవడం ఎక్కువవుతుందనీ, తగ్గిస్తే తక్కువవుతుందనీ లెక్క తేల్చారు.

క్యాసెట్లను మా ఆవిడ పారెయ్యలేదు. పాత బిస్కట్ల డబ్బాలో, కర్పూరం బిళ్లలు వేసి దాచింది. మళ్లీ ఎక్కించుకున్నాం. నాలుగు పాటలు నిక్షేపంగా వచ్చాయి. అయిదోది, అప్పగింతల పాట, రెండో చరణం మధ్యలో టేపు చుట్టుకుపోయి తెగింది. అంతవరకే వుంది.

ఇప్పుడు మా యంత్రం 4.0 వద్ద, వోల్టేజి ముట్టుకోకుండా నడుస్తున్నది. మేనల్లుడు రెండు రాత్రులు పరీక్ష పెట్టాకనే వెళ్లాడు. పాటల ప్రతులు మూడుచోట్ల వున్నాయి. వేసవి వస్తే 3.3కు దించెయ్యమని బయాస్ తెరలో ఎక్కడ నొక్కాలో కాగితం మీద రాసి పెట్టెకు అంటించాడు. నిజం చెప్పాలంటే, రోజువారీ పనిలో మాకు కనబడిన వేగం అసలు ఓవర్‌క్లాకింగు వల్ల వచ్చింది కాదు. తిరిగే పాత డిస్కు తీసేసి ఎస్.ఎస్.డి. పెట్టడంవల్ల వచ్చింది. ప్రాసెసరును ఎంత తరిమినా డిస్కు తెచ్చి యివ్వనిదే అది చేసేదేముంది? గంటలకొద్దీ లెక్కలు చేసే పనులకే గుణకం అక్కరకు వస్తుంది. ఇంకొకటి: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది, విండోస్ 11కు ఇంత పాత ప్రాసెసరు అర్హం కాదు. ఎంత వేగం పెంచినా ఆ అర్హత రాదు. అందుకని లినక్సు పెట్టుకున్నాం.

వాడు బస్సెక్కబోతూంటే మా ఆవిడ అరిసెల పొట్లం చేతిలో పెట్టి, "మళ్లీ పండక్కి ఏం విప్పుతావురా?" అని అడిగింది.

"క్యాసెట్ ప్లేయరు అత్తయ్యా. ఆ తెగిన టేపు అతికించవచ్చేమో చూస్తాను" అన్నాడు.