చక్రవర్తికి ఉత్తరం రాసిన బిషప్

క్రీ.శ. 374లో మిలాన్ బిషప్ చనిపోయాడు. ఆ పీఠం ఎవరికి దక్కాలన్న విషయంలో క్రైస్తవులు రెండు వర్గాలుగా చీలిపోయారు. క్రీస్తు, తండ్రియైన దేవునితో సమానుడని నమ్మేది ఒక వర్గం, కాదనే ఏరియన్ వర్గం మరొకటి. గొడవ ముదరకుండా చూద్దామని ఆ ప్రాంతపు గవర్నరు అంబ్రోస్ స్వయంగా చర్చికి వెళ్లాడు. ఆయన నచ్చజెబుతుండగానే గుంపులోంచి "అంబ్రోసే బిషప్!" అని కేక వినిపించింది. కేక వేసింది ఒక పసివాడని ఆయన జీవితచరిత్ర రాసిన పౌలీనస్ అంటాడు. అందరూ ఆ మాటే అందుకున్నారు.

అప్పటికి అంబ్రోస్‌కు జ్ఞానస్నానమే కాలేదు! వద్దని ఎంత మొండికేసినా జనం వదల్లేదు. జ్ఞానస్నానం పొందిన కొద్దిరోజులకే, డిసెంబరు 7న, బిషప్ అయ్యాడు. తన వెండిబంగారాలు పేదలకు, చర్చికి ఇచ్చేశాడు.

378లో ఏడ్రియానోపుల్ దగ్గర గోత్‌ల చేతిలో రోమన్ సైన్యం చిత్తయింది. గోత్‌లకు బందీలుగా చిక్కినవాళ్లను విడిపించడానికి అంబ్రోస్ చర్చి పూజాపాత్రలను కరిగించాడు. ఏరియన్లు తప్పుపట్టారు. చర్చికి బంగారం ఉన్నది దాచుకోవడానికి కాదు, ఆపదలో ఉన్నవాళ్ల కోసం ఖర్చుపెట్టడానికేనని ఆయన జవాబు.

ఆయన గదిలోకి ఎవరైనా వెళ్లొచ్చు, అడిగేవారు లేరు. వెళ్లినవాళ్లకు తరచూ పుస్తకంలో మునిగిన అంబ్రోస్ కనిపించేవాడు. కళ్లు వరసల వెంట కదిలేవి, గొంతు వినిపించేది కాదు. కాసేపు కూర్చుని, మౌనంగా లేచి వెళ్లిపోయినవాళ్లలో, తర్వాత తానూ బిషప్ అయిన అగస్టీన్ ఒకడు. 387 ఈస్టర్‌కు అతనికి జ్ఞానస్నానం ఇచ్చింది అంబ్రోసే.

390లో థెస్సలొనిక నగరంలో జనం ఒక సేనానిని చంపారు. ప్రతీకారంగా చక్రవర్తి థియోడోసియస్ సైనికులు ఊరి జనాన్ని ఊచకోత కోశారు. మృతులు ఏడువేలని చర్చి చరిత్రకారుడు థియోడొరెట్ రాశాడు. చర్చి గుమ్మంలో చక్రవర్తిని అంబ్రోస్ అడ్డుకున్నట్టు చిత్రకారులు గీశారు. నిజానికి ఆయన చేసింది ఉత్తరం రాయడం. మీరు వస్తే నేను పూజ చెయ్యలేను, పశ్చాత్తాపపడండి అని స్వయంగా రాసి పంపాడు. థియోడోసియస్ రాజచిహ్నాలు తీసేసి, అందరి ముందూ కన్నీళ్లతో క్షమాపణ వేడుకున్నాడు.

ఇదే అంబ్రోస్ రెండేళ్ల ముందు, కల్లినికం అనే ఊళ్లో క్రైస్తవులు తగలబెట్టిన యూదుల ప్రార్థనామందిరాన్ని అక్కడి బిషప్ ఖర్చుతో కట్టించాలన్న చక్రవర్తి ఆజ్ఞను పట్టుబట్టి ఆపించాడు. పునీతుడని చెప్పి ఈ అన్యాయాన్ని దాచకూడదు.

397 ఏప్రిల్ 4న అంబ్రోస్ కన్నుమూశాడు. ఆ తేదీ తరచూ ఈస్టర్ రోజుల్లో పడుతుంది. అందుకే ఆయన పండుగను బిషప్ అయిన డిసెంబరు 7నే జరుపుకుంటారు.