పెట్టెలోని పాత చీర: దాని స్థితిని పరీక్షించు విధము

మన భవాని పేటలో నేత కుటుంబముల ఇండ్లలో ఒక ఇనుప పెట్టె, దాని అడుగున అవ్వల నాటి చీర ఒకటి యుండుట సామాన్యము. 1877లో షోలాపూరు స్పిన్నింగు అండ్ వీవింగు మిల్లు స్థాపింపబడినది. ఆ కాలమున, ఆ తరువాతను తెలంగాణమునుండి మన పెద్దలు అనేకులు ఈ ఊరు చేరిరి. కొందరు మిల్లులలో పనిచేసిరి. కొందరు ఇంటనే మగ్గము వేసికొని, మహారాష్ట్ర స్త్రీలు ధరించు తొమ్మిది గజముల చీరలను, ఇర్కల్ చీరలను నేసిరి. పిమ్మట మరమగ్గములు వచ్చి చద్దర్లు, తువ్వాళ్లు ముఖ్యమైనవి. కావున నేడు ఆ చేతిమగ్గపు చీర చిరిగినచో దానికి మారుగా మరియొకటి నేయువారు అరుదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంటికి పాత జరీ కొను వర్తకుడొకడు వచ్చెను. మా నాయనమ్మ చీర పెట్టెలో నల్లబడి యున్నదని, ఇక పనికిరాదని తలచి అతనికిచ్చితిమి. అతడు తూచి, పైకమిచ్చి పోయెను. అట్టి జరీని కాల్చి వెండి తీయుదురు. చీరను మేము పూర్తిగా విప్పియైనను చూడలేదు. నల్లబడినది జరీ మాత్రమేనని, వస్త్రము గట్టిగానే యున్నదేమోనని తరువాత తోచినది. మావంటి పొరపాటు తక్కిన ఇండ్లలో జరుగరాదని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పాత వస్తువులను సేకరించువారు అన్నిటికంటె ముందు చూచునది స్థితిని. 1985లో అమెరికాలో వెలువడిన ఎయిర్ జోర్డాన్ ఆటబూట్లను కొనువారు సైతము అడుగు, కుట్లు, రంగు, అసలు పెట్టె పరీక్షించిన పిదపనే వెల చెప్పుదురు. కొన్ని బూట్ల మెత్తని అడుగు ఒక్కనాడును తొడుగకున్నను గాలిలోని తేమ వలన పొడిపొడియగును. చీర విషయమును అంతియే. కట్టకుండ దాచినంత మాత్రమున చెడదని తలచరాదు. ఏండ్ల తరబడి ఒకే మడతలో నున్న పట్టు ఆ మడత వద్దనే తెగును.

పరీక్షకు ముందు చేతులు కడిగి తుడుచుకొని, గాజులు, ఉంగరములు తీసివేయవలెను. నేలపై తెల్లని దుప్పటి పరచి, పగటి వెలుతురున చీరను మెల్లగా విప్పవలెను. ఎండలో మాత్రము పరువరాదు, రంగు వెలియును. పిమ్మట ఇద్దరు చెరియొక ప్రక్క పట్టుకొని, లాగకుండ, వెలుగునకు ఎదురుగా ఎత్తి చూడవలెను. మడతల వెంట సన్నని వెలుగు చుక్కలు కనబడినచో అచట పోగులు తెగుచున్నవని అర్థము.

ఇర్కల్ చీరలో ఒడలు నూలుది యైనను కొంగు పట్టుది కావచ్చును. ఆ రెంటి పడుగు పోగులను ఉచ్చులవలె ఒకదానిలో నొకటి తగిలించి కలుపుదురు. ఈ కలయిక చోటు బలహీనమైనది. ముందుగా దానిని చూడవలెను. ఎర్ర కొంగు రంగు ప్రక్కకు కారినదా యనియు గమనింపవలెను.

జరీ విషయమున తొందరపడరాదు. మేలైన పాత జరీలో పట్టుదారముపై సన్నని వెండి తీగె చుట్టి, దానిపై బంగారు పూత వేయుదురు. గాలిలోని గంధకపు అంశము వలన వెండి నల్లబడుట సహజము; అది జరీ నకిలీదనుటకు గుర్తు కాదు. రాగి తీగె జరీ ఎర్రగా గాని పచ్చని చిలుముతో గాని కనబడును. సందేహమున్నచో అంచున ఊడియున్న గోరంత పోగును మాత్రము తీసి, నమ్మకమైన అవుసలి వద్ద గీటురాయిపై చూపింపవలెను. ప్లాస్టిక్ జరీ పోగు నిప్పు తగిలిన కరగి ముద్దయగును. నల్లదనము పోవుటకు చింతపండుతోనో నిమ్మరసముతోనో రుద్దినచో నలుపుతోపాటు బంగారు పూతయు పోవును.

ఇక మరకలు. ఇనుప పెట్టె తుప్పు మరక కాలక్రమమున బట్టను తినును. గంజి పెట్టిన నూలును వెండిపురుగు, పట్టును చిమ్మట కొరుకును. రఫు చేసినచో, కొత్త అంచు కుట్టినచో అది దోషము కాదు. కాని కొనువారికి దాచక చెప్పవలెను. చీర వెనుక తట్టు చూచిన ఈ మరమ్మతులు సులభముగా తెలియును.

ఇట్లు చూచిన పిదప చీరలను నాలుగు తరగతులుగా వేరుపరుపవచ్చును: కట్టని, కోయని చీర; కొద్దిగా కట్టినను పోగులు గట్టిగా నున్నది; చిరిగియు మరమ్మతునకు వీలైనది; కొంగో అంచో మాత్రమే మిగిలినది. కడపటి దానిని సైతము పారవేయరాదు. అహమదాబాదులో 1949లో స్థాపింపబడిన కాలికో వస్త్ర ప్రదర్శనశాల వంటి చోట్ల తుంట వస్త్రములను కూడ భద్రపరచుదురు. నేత తీరు, అంచు నమూనా ఆ తుంటలోనే తెలియును. జరీ తూచి కొనువాని లెక్కకు వెండి బరువే వచ్చును. ఆ నేత రాదు.

దాచునపుడు ప్లాస్టిక్ సంచి వాడరాదు; తేమ లోననే నిలుచును. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి, ఏటికి రెండు మారులు మడత మార్చి పెట్టవలెను. కలరా ఉండలను చిన్న గుడ్డ సంచిలో నుంచి, జరీకి తగులకుండ ఉంచవలెను.

ఒక్క పని మిగిలినది. చీరను ఎవరు నేసిరి, ఎవరు ఎప్పుడు కట్టిరి, ఏ పెండ్లికి కొనిరి అను సంగతులు ఇంటి వృద్ధులకే తెలియును. వారుండగనే అడిగి, తెలుగున ఒక కాగితముపై వ్రాసి, చీరతోపాటు ఉంచవలెను. ఈ వ్రాతపని పిల్లలకు అప్పగింపుడు. రానున్న సెలవులలో ఒక దినము పెట్టె తెరచి, వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచిన తరువాతనే, అమ్ముటయో ఉంచుటయో నిర్ణయింపవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము.