పరాయి ఊళ్ళో పసివాడి తొలి బడి



క్రితం నెల తెనాలి నుంచి ఒక శ్రోత మన కార్యక్రమానికి ఉత్తరం రాశారు. వాళ్ళ అమ్మాయీ, అల్లుడూ ఉద్యోగరీత్యా జర్మనీ వెడుతున్నారట. మనవరాలికి మూడేళ్ళు. అక్కడ ఇంగ్లీషు బళ్ళూ వున్నాయట, ఆ దేశభాష బళ్ళూ వున్నాయట. అల్లుడిగారిది ఒరియా, అమ్మాయిది తెలుగు. ఇన్ని భాషలు పసిదాని నెత్తిన పెడితే అసలు మాటలే తడబడిపోతాయేమో, ఏ బడిలో వేస్తే మంచిదో చెప్పమని అడిగారు.

దీనికి జవాబు చెప్పేపాటి చదువు నాకు లేదు. నా చదువు పదో తరగతితో సరి. కాని ఇదే బెంగ మా ఇంట్లో రెండేళ్ళపాటు నడిచింది. అందులో కొంత తప్పు నాది కూడాను. అంచేత చెప్పుకోక తప్పదు.

మా చెల్లెలు బెర్లిన్‌లో వుంటోంది. మా మరిది ధార్వాడవాడు, ఇంటిభాష కన్నడం. ఇద్దరూ బెంగుళూరు ఆఫీసులో పరిచయమై పెళ్ళి చేసుకున్నవాళ్ళు గనక, తమలో తాము ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. వాళ్ళు వెళ్ళేనాటికి బాబుకి రెండున్నరేళ్ళు. తెలుగూ, కన్నడం ముద్దుముద్దుగా కలిపి మాట్లాడేవాడు. వెళ్ళిన కొత్తలో చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, వీడితో ఇంట్లో ఏం మాట్లాడమంటావే?" అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? "ఇంకా తెలుగేమిటే, ఇంగ్లీషే మాట్లాడు. రేపు ఎక్కడికి పోయినా పనికొస్తుంది" అన్నాను. నాకు రాని ఇంగ్లీషు మీద నాకున్న మోజు అలాంటిది. ఇదే మైకు ముందు కూడా ఒకసారి ఆ మాట అన్న గుర్తు. అది విని ఎవరైనా పాటించి వుంటే, దయచేసి ఇప్పుడు చెప్పేది కూడా వినండి.

వాళ్ళు అలాగే చేశారు. ఇంట్లో ఇంగ్లీషు, పంపింది ఇంగ్లీషు కిండర్‌గార్టెన్‌కి. నెలకి కొన్ని వందల యూరోలు ఫీజు, పోనూ రానూ రెండు రైళ్ళు మారాలి. ఏడాది తిరిగేసరికి బాబు చక్కగా ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. వాళ్ళుండే మేడ కింద పెరట్లో పిల్లలంతా జర్మన్‌లో ఆడుకుంటూంటే వీడు మాత్రం గోడవార నిలబడి చూసేవాడట. ఇక్కడ మా అమ్మ సంగతి ఇంకొకటి. ఫోన్‌లో "అన్నం తిన్నావా నాన్నా?" అంటే వాడు వాళ్ళమ్మ మొహం చూసేవాడు. వాళ్ళమ్మ ఇంగ్లీషులోకి మార్చి చెబితే అప్పుడు తల వూపేవాడు. రెండు మూడు ఆదివారాలు అలా జరిగాక, మా అమ్మ "బాబుని పిలవవే" అనడం మానేసింది. ఏమీ అనలేదు. మానేసిందంతే.

ఆ తరవాత చెల్లెలికి రెండో కాన్పు. సాయానికి నేను వెళ్ళాను. వీసా తొంభై రోజులకి. ఆ మూడు నెలల్లో నేను చూసిందీ, తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

కిండర్‌గార్టెన్ అన్న మాటే జర్మన్ మాట. పిల్లల తోట అని అర్థం. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అనే ఆయన 1840లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో ఆ పేరు పెట్టాడు. మన వీధి చివర ఎల్‌కేజీ, యూకేజీ బోర్డులన్నీ ఆ తోట తాలూకు అంట్లే. కాకపోతే మనం తోటని తీసి తరగతిగది చేశాం. అక్కడ ఇప్పటికీ తోటగానే వుంది. ఇప్పుడు వాడుకలో "కీటా" అంటున్నారు. ఆరేళ్ళకి బడి మొదలయ్యేదాకా పిల్లలుండే చోటు. 1996 నుంచి మూడేళ్ళు నిండినవాళ్ళకీ, 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండినవాళ్ళకీ అక్కడ చోటు దొరకడం చట్టప్రకారం హక్కు. హక్కు వుంది గదా అని కూర్చుంటే మాత్రం చోటు దొరకదు. ఊరు చేరీ చేరకముందే పేరు రాయించుకోవాలి. ఫీజులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి ఏ వయసు పిల్లలకీ ఫీజు లేదు. మధ్యాహ్నం భోజనానికని మావాళ్ళు నెలకి ఇరవైమూడు యూరోలు కట్టేవారు. దానికి ముందు ఆఫీసు నుంచి ఒక కూపన్ తెచ్చుకోవాలి. ఆ కూపన్ చేత్తో పట్టుకుని కీటాల వెంట తిరగాలి. మన రేషను కార్డులాగే అనుకోండి.

మరి ఏది ఎంచుకోవాలి? మా చెల్లెలు బడుల పేర్లు రాసుకుని, ఆట స్థలం ఎంత, ఫీజు ఎంత అని పట్టిక వేసుకుంది. ఆ పట్టిక వల్ల ఏమీ తేలలేదు. తేల్చింది పక్కింటి పెద్దావిడ. ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న: "ఆరేళ్ళప్పుడు వీడు ఏ దేశంలో బడికి వెడతాడు?" నాకు చెల్లెలు తెలుగులో చెప్పగానే, ఇది మనకెందుకు తట్టలేదా అనిపించింది.

నిజమే మరి. రెండేళ్ళలో హైదరాబాదు తిరిగి వచ్చేవాళ్ళయితే పిల్ల ఇక్కడ ఒకటో తరగతిలో చేరుతుంది. అప్పుడు ఇంగ్లీషు బడి అయినా, జర్మన్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే కీటా అయినా నష్టం లేదు. అక్కడే స్థిరపడేవాళ్ళయితే ఆరేళ్ళకి జర్మన్ బడి. పాఠం ఆ భాషలోనే, స్నేహం ఆ భాషలోనే. అలాంటప్పుడు మూడేళ్ళ పసివాడిని ఊరి భాషకి దూరంగా వుంచడమంటే, చెరువు పక్కన ఇల్లు కట్టుకుని ఈత నేర్పకపోవడం లాంటిదే. మూడేళ్ళకొక దేశం మారే ఉద్యోగాలు కొన్ని వుంటాయి. వాళ్ళ పిల్లలకి ప్రతిచోటా ఒకే పద్ధతిలో నడిచే ఇంటర్నేషనల్ బడి పనికొస్తుంది. ఎందుకంటే ఊరూ, స్నేహితులూ మారినా అదొక్కటీ మారదు. మరీ పసిపిల్లలకి ఇంకొకటుంది. తన ఇంట్లోనే అయిదుగురికి మించకుండా పిల్లల్ని చూసుకునే ఆవిడ. టాగెస్‌ముట్టర్ అంటారు, పగటి అమ్మ అన్నమాట. పేరు నాకెంతో నచ్చింది. మాంటిస్సోరి అని బోర్డు వుంటే చాలని కొందరంటారు గాని, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. లోపలికి వెళ్ళి గంటసేపు కూర్చుని చూడాలి.

మావాళ్ళు అక్కడే వుండాలని నిశ్చయించుకున్నారు. వీధి మలుపులోనే వున్న కీటాలో బాబుకి చోటు దొరికింది. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. 2020 మార్చి నుంచి అక్కడ తట్టు టీకా చట్టం వచ్చింది. ఏడాది దాటితే ఒకటి, రెండేళ్ళు దాటితే రెండు మోతాదులు వేయించినట్టు కాగితం చూపించాలి. మనవాళ్ళు తొమ్మిది నెలలకీ, ఏడాదిన్నరకీ వేసే టీకాల కార్డు అటకమీద పడేసి వెళ్ళకండి. మా అమ్మ ఆ కార్డు వెతికి పంపడానికి బీరువా అంతా తిరగేసింది.

ఇహ చేర్చుకునే పద్ధతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. మనం ఏం చేస్తాం? "అదిగో కాకి" అని చూపించి, వాడు అటు తిరగగానే ఇటునుంచి జారుకుంటాం. వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, ఆయా ఎత్తుకుంటుంది, వారం పోతే అదే సర్దుకుంటుందంటాం. అక్కడ అలా కుదరదు. పిల్లవాడికి బాగా మాలిమి అయిన మనిషి ఒకరు తోడు వచ్చి కూర్చోవాలి. మొదటి మూడు రోజులూ గంటసేపు చొప్పున కూర్చుని ఇద్దరూ ఇంటికి పోవడమే. నాలుగోరోజున "నేను వెళ్ళి వస్తాను" అని పిల్లవాడికి చెప్పి మరీ గది బయటికి వెళ్ళాలి. చెప్పకుండా వెళ్ళకూడదు. పంతులమ్మ సముదాయిస్తే ఊరుకున్నాడా, సరే. లేకపోతే పిలుస్తారు, మరికొన్ని రోజులు తోడు కూర్చోవాలి. కొందరికి వారం, కొందరికి మూడు వారాలు. బెర్లిన్‌లోనే 1980ల్లో ఈ పద్ధతి తయారు చేశారట. 

మా చెల్లెలు బాలింత. మరిది కొత్త ఉద్యోగంలో చేరి నెల కాలేదు. మొదలుపెట్టిన మనిషే చివరిదాకా రావాలంటారు. వాడికి అప్పటికి అయిదు వారాలుగా స్నానం, అన్నం, నిద్ర అన్నీ నా దగ్గరే. అంచేత నన్ను పంపారు. ఒక్క జర్మన్ ముక్క రాని దాన్ని, చీర మీద స్వెట్టరు వేసుకుని, జానెడు ఎత్తు కుర్చీలో మూలన కూర్చున్నాను. పిల్లలు వచ్చి నా గాజులు లెక్కపెట్టి వెళ్ళేవారు.

అక్కడే నాకొక సంగతి తెలిసింది. మూడోరోజున పంతులమ్మ ఒక కాగితం తెచ్చి, వీడు ఇంట్లో వాడే మాటలు చెప్పమంది. నేను చెప్పాను: నీళ్ళు, పాలు, ఉచ్చ, నొప్పి, చాలు. ఆవిడ తన లిపిలో రాసుకుని, పలికి సరిచూసుకుని, తలుపు వెనక అతికించింది. అప్పుడు నాకు తట్టింది. అవన్నీ తెలుగు మాటలు! వాడికి తెలుగు ఎప్పుడు తిరిగి వచ్చింది? నాకు ఇంగ్లీషు సరిగా రాదు. వాడు "వాటర్" అంటే ఇస్తానుగాని, పెద్ద వాక్యం మాట్లాడితే "ఏమిట్రా?" అనేదాన్ని. పాపం, నాతో పని జరగాలంటే వాడు తెలుగు తవ్వి తీసుకోవలసి వచ్చింది. తవ్వితే వుంది, పోలేదు.

పంతులమ్మ మా చెల్లెలితో స్పష్టంగా చెప్పిందట. ఇంట్లో మీకు వచ్చీ రాని జర్మన్ మాట్లాడకండి, మీరు ఏడ్చినా నవ్వినా ఏ భాషలో వస్తుందో ఆ భాష మాట్లాడండి, జర్మన్ సంగతి మేం చూసుకుంటాం అని. ఒక భాష బాగా వచ్చిన పిల్లలకి కథంటే ఏమిటో, ప్రశ్నంటే ఏమిటో తెలిసే వుంటుంది. రెండో భాషలో వాటికి పేర్లు నేర్చుకోవడమే మిగులుతుంది.

మా మరిది ఇంకొకటి చదివి చెప్పాడు. జూల్ రోన్జా అనే ఫ్రెంచి పండితుడు 1913లోనే తన కొడుకు లూయీ మీద పుస్తకం వేశాడట. తండ్రి ఎప్పుడూ ఫ్రెంచి, తల్లి ఎప్పుడూ జర్మన్. పిల్లవాడు రెండూ చక్కగా నేర్చుకున్నాడు. ఒక మనిషికి ఒక భాష అనే సలహా గ్రామోన్ అనే తోటి పండితుడిదట. అదొక్కటే దారి అని కాదు. ఇల్లంతా ఒక భాష, వీధి ఇంకొక భాష అయినా బాగానే వస్తాయి. అప్పటినుంచి మావాళ్ళింట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడం. వాడు నన్ను "పాలు" అడిగి, గుక్క తిప్పుకోకుండా వాళ్ళ నాన్న వైపు తిరిగి "హాలు" అనేవాడు. మన "ప" కన్నడంలో "హ" అయి కూర్చుంటుంది చూడండి, ఆ కిటుకు వాడికి ఎవరు చెప్పారు? పిల్లలు మాటలు కలిపేస్తారు, నిజమే. మనం "స్విచ్ ఆఫ్ చెయ్యి" అనడంలేదూ? అది తికమక కాదు. అసలు గండం వేరే చోట వుంది. రోజులో ఏ భాష చెవిన తక్కువ పడితే అది సన్నబడిపోతుంది. అక్కడ సన్నబడేది ఎప్పుడూ ఇంటిభాషే, ఊరి భాష కాదు.

చిన్న చిన్న సంగతులు కూడా చెప్పేస్తాను. వానలోనూ మంచులోనూ పిల్లల్ని ఆరుబయట ఆడిస్తారు. రబ్బరు లాగూ, బూట్లూ కొనాలి, బురద చూసి బెంబేలు పడకూడదు. మాంసం తినని ఇళ్ళవాళ్ళు ముందే చెప్పాలి. పుట్టినరోజులకి పంచే రంగురంగుల జిగురు మిఠాయిల్లో జంతువుల ఎముకలూ, తోలూ ఉడికించి తీసిన జెలాటిన్ వుంటుంది, అది కూడా చెప్పాలి. అక్షరాలు మాత్రం నేర్పరు. మా చెల్లెలి అత్తగారు ధార్వాడ నుంచి ఫోన్ చేసి, నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా ఏబీసీడీలు రావా అని గోల. ఆరేళ్ళ బడిలో చెబుతారు. ఈలోగా వంతు కోసం ఆగడం, బూటు తనే వేసుకోవడం, దెబ్బలాడి మళ్ళీ కలవడం. నన్నడిగితే ఇవే కష్టమైన పాఠాలు. మన 2020 విద్యావిధానం కూడా పసివాళ్ళకి ఆటపాటలే చదువంటోంది. మన వీధి బడుల్లో మాత్రం మూడేళ్ళవాడి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకం నింపిస్తూనే వున్నారు.

నా తొంభై రోజులూ అయిపోయాయి, వచ్చేశాను. తరవాత ఒకరోజు చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది. వాడు కీటాలో నోరే విప్పడంలేదట. రెండు నెలలుగా ఒక్క మాట లేదు. మళ్ళీ ఇంగ్లీషు బడికి మార్చేద్దామా అంటుంది. ఈసారి నేను సలహా చెప్పలేదు. "పంతులమ్మని అడుగు" అన్నాను. ఆవిడ, "వాడు వింటున్నాడు. చెప్పిన పని చేస్తున్నాడు, పాటకి చేతులు తిప్పుతున్నాడు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళిలా మౌనంగా వుంటారు. ఇంట్లో మాట్లాడుతున్నాడా? అయితే భయం లేదు" అందట. ఇంట్లో కూడా మాటలు ఆగిపోతే, పిలిస్తే పలక్కపోతే, అప్పుడు మాత్రం డాక్టరుకి చూపించాలి. భాషలు ఎక్కువయ్యాయిలే అని వూరుకోకూడదు.

మరో మూడు వారాలకి నోరు విప్పాడు. ఎవడో వాడి బండి లాక్కోబోతే "నైన్!" అని అరిచాడట. వద్దు, కాదు అని అర్థం. ఇహ ఆ తరవాత ఆగలేదు.

మొన్న ఆదివారం మా అమ్మే "బాబుని పిలవవే" అంది. "అన్నం తిన్నావా నాన్నా? పెరుగన్నమేనా?" అని అడిగింది. వాడు "నైన్ అమ్మమ్మా, పప్పన్నం!" అని ఒక్క అరుపు అరిచాడు. మా అమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, నావైపు తిరిగి, "ఏమిటే వీడు, పప్పన్నం తొమ్మిది ముద్దలు తిన్నాడా?" అంది.