కౌన్సెలింగ్ పరిశోధనలో స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్: ఒక పరిచయం

ఈ పాఠం చదివిన తరువాత మీరు గుప్త చలరాశిని నిర్వచించగలుగుతారు. ప్రత్యక్ష, పరోక్ష ప్రభావాలను వేరుచేయగలుగుతారు. ఈ పద్ధతికి గల పరిమితిని వివరించగలుగుతారు.

1. సమస్య

ద్వారకా తిరుమల నుంచి ఏలూరు దాటి దక్షిణంగా వెళితే కొల్లేరు లంక గ్రామాలు వస్తాయి. 1999లో ఈ సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని ఆక్రమణ చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. వాటిమీదే బతికిన కుటుంబాల ఉపాధి దెబ్బతిన్నది. అటువంటి ఊరిలో ఒక కౌన్సెలర్ పరిశోధన చేస్తున్నారనుకుందాం. ఆమె ప్రశ్న ఇది: ఆర్థిక ఒత్తిడి మనిషిని నేరుగా కుంగదీస్తుందా? లేక అప్పుల్లో పడ్డవాడు నలుగురికీ దూరమై, ఆదరణ లేక కుంగిపోతాడా?

2. కొలత మోడల్

కుంగుబాటు కంటికి కనబడదు. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, పనిమీద ఆసక్తి పోవడం వంటి గుర్తుల ద్వారానే దానిని అంచనా వేస్తాం. కనబడనిది గుప్త చలరాశి. గుర్తులు దాని సూచికలు. అయితే నిద్ర పట్టకపోవడానికి దోమలూ కారణం కావచ్చు. ఇటువంటి భాగాన్ని కొలత దోషం అంటాం. మామూలు ప్రతిగమన విశ్లేషణ దీనిని వేరుచేయదు. మన పద్ధతి వేరుచేసి లెక్కిస్తుంది. స్పియర్‌మన్ 1904లో ప్రారంభించిన కారకాంశ విశ్లేషణ దీనికి పునాది.

3. నిర్మాణ మోడల్

గుప్త చలరాశులను బాణం గుర్తులతో కలపడం రెండవ మెట్టు. దీనికి మూలం స్యూవల్ రైట్ 1921లో వివరించిన పథ విశ్లేషణ. ఈ రెండింటినీ 1970లలో యోరెస్కోగ్ ఒక్కటిగా కూర్చారు.

ఊహాజనితమైన అంకెలు తీసుకుందాం. ఒత్తిడి నుంచి ఆదరణకు −0.5, ఆదరణ నుంచి కుంగుబాటుకు −0.4 అయితే పరోక్ష ప్రభావం వాటి లబ్ధం, అంటే 0.20. ఒత్తిడి నుంచి కుంగుబాటుకు ప్రత్యక్ష ప్రభావం 0.30 అయితే మొత్తం ప్రభావం 0.50. ఆదరణ పెంచే కౌన్సెలింగ్ అవసరమే. కాని ఎక్కువ భాగం నేరుగా వస్తున్నది కనుక అప్పు సంగతి చూడకుండా ఓదార్పు ఒక్కటే చాలదు.

4. జాగ్రత్త

కుంగిపోయిన మనిషే నలుగురికీ దూరం కావచ్చు కదా? ఆదరణ, కుంగుబాటుల మధ్య బాణాన్ని తిప్పి గీసినా ఈ మోడల్ దత్తాంశానికి అంతే చక్కగా సరిపోతుంది. సరిపోలిక సూచీలు మారవు. కాబట్టి సరిపోలిక కారణానికి రుజువు కాదు. బాణం దిశను సిద్ధాంతం, వేర్వేరు కాలాల్లో తీసుకున్న కొలతలు, క్షేత్ర పరిజ్ఞానం సమర్థించాలి. దిశ తప్పితే సహాయమూ తప్పుదారి పడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరిలో ఇంటర్ విద్యార్థుల పరీక్షల భయాన్ని గుప్త చలరాశిగా తీసుకుని మూడు సూచికలు రాయండి. ప్రతి సూచికలో కొలత దోషం ఎలా చేరగలదో చెప్పండి.