వానొస్తే నీళ్ళెటు పోతాయో అడిగారా?

"అమ్మా, ఔటర్ రింగ్ రోడ్డు అవతల ప్లాటు చూశాం. రెండొందల గజాలు. వచ్చే ఆదివారం నువ్వూ వచ్చి చూడకూడదూ?" అని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం వేయాలి. వేసింది కూడా. కానీ దాని వెనకే గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఎందుకంటే, సరిగ్గా ఇలాంటి రెండొందల గజాలే మేమూ కొన్నాం, 1992లో. ఆ ప్లాటు మాకు నేర్పిన పాఠాలు ఇన్నీ అన్నీ కావు.

అప్పట్లో మావారికి ఉద్యోగం సిటీలో. ఉండేది చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇల్లు. నీళ్ళ దగ్గర ఇంటావిడతో రోజూ తగువు. "ఎంత దూరమైనా సరే, సొంత గూడు ఉండాలండీ" అని పోరింది నేనే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వనస్థలిపురానికీ సాగర్ రోడ్డుకీ మధ్య గజం నూట యాభై అంటే, నా రెండు జతల గాజులు అమ్మి, మిగతాది ఆఫీసులో లోను పెట్టి ముప్పై వేలకు కొనేశాం. లేఔటు పాతది, పంచాయతీ నాటిది. కాగితం మీద సర్పంచ్ సంతకం, గుండ్రటి స్టాంపు. ఇంకేం కావాలి అనుకున్నాం.

నిజానికి ఇంకా చాలా కావాలి. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ 'హుడా' 1975లోనే ఏర్పడింది. దాని పరిధిలో లేఔటు వెయ్యాలంటే దాని అనుమతి ఉండాలి. పంచాయతీ స్టాంపు చాలదు. అనుమతి తీసుకున్న లేఔటులో అయితే రోడ్లు పోను పార్కులకూ, బడికీ స్థలం వదలాలి. వదిలితే అమ్ముకునే గజాలు తగ్గిపోతాయి. అందుకే అనుమతి జోలికి పోరు. ఈ సంగతి మాకు చెప్పినవాళ్ళు లేరు, మేం అడిగిందీ లేదు.

పాలు పోసే అక్క చెప్పిన మాట

గృహప్రవేశం 1993 మాఘమాసంలో. చుట్టూ కందిచేలు, అక్కడక్కడా తాటిచెట్లు, రాళ్ళు పాతిన ప్లాట్లు. మొత్తం మీద పదకొండు ఇళ్ళు. బస్సు దిగి ఇంటికి రావాలంటే కిలోమీటరున్నర నడక. వీధి దీపాలు లేవు. చీకటి పడితే టార్చిలైటు లేందే గడప దాటేదాన్ని కాదు.

పక్క ఊరి నుంచి ఒకామె పాలు పోయడానికి వచ్చేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను "అక్కా" అనేదాన్ని, ఆమె "చెల్లె" అనేది. ఇంకా పునాదులు తీస్తున్నప్పుడే ఒకరోజు వచ్చి నిలబడి, "గీ జాగ కొన్నరా చెల్లె? వానకాలం కుంట నిండితే అలుగు నీళ్ళు గిట్లకెల్లే వస్తయి. జర ఎత్తు పోయించుకోండ్రి" అంది.

మేస్త్రీ నవ్వాడు. "ఎప్పుడో వచ్చేవమ్మా, ఇప్పుడెక్కడి కుంట?" అన్నాడు. నాకెందుకో ఆమె మాటే నిజమనిపించింది. మావారితో పేచీ పెట్టుకుని, గోడలు అడుగు తగ్గించినా సరే, బేస్‌మెంటు మాత్రం మూడడుగులు ఎత్తు పెట్టించాను. ఆ ఖర్చుతో వంటింటికి అలమరలు లేకుండా నాలుగేళ్ళు గడిపాం.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది, గుర్తుందా? ఆ రాత్రి మా వీధిలో నడుం లోతు నీళ్ళు. ఎదురింటి పిన్నిగారి బియ్యం డ్రమ్ము తేలుతూ మా గేటు దగ్గరికొచ్చింది. మా ఇంట్లోకి మాత్రం నీళ్ళు రాలేదు. ఆ మూడడుగులే కాపాడాయి. తెల్లారి పాలు తెచ్చినప్పుడు అక్క ఏమీ అనలేదు. గోడ మీది తడి గీత చూసి తల ఊపి వెళ్ళిపోయింది.

ఇల్లు మాదే, నీళ్ళే మావి కావు

మగవాళ్ళు పొద్దున టిఫిన్ డబ్బా తీసుకుని బస్సెక్కితే మళ్ళీ రాత్రికే. కాలనీలో బతికేది ఆడవాళ్ళం. బోరు వేసినప్పుడు నూట యాభై అడుగులకే నీళ్ళు పడ్డాయి. ఇళ్ళు పెరిగాయి, బోర్లు పెరిగాయి. పదేళ్ళకల్లా మాది ఎండిపోయింది. ఆరొందల అడుగులకు దించితే పది నిమిషాలు నీళ్ళు, గంట గాలి! డ్రైనేజీ లేదు కాబట్టి ప్రతి ఇంటికీ ఓ సెప్టిక్ ట్యాంకు, దానికి పది గజాల్లోనే బోరు. ఆ నీళ్ళు తాగి పిల్లలకు కామెర్లు వస్తే ఎవరిని అనగలం?

ఇక ట్యాంకరు. అది ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి, నాలుగిళ్ళ వాళ్ళం వంతులేసుకుని ఒకరం ఇంట్లో ఉండేవాళ్ళం. పక్కింటమ్మాయి కుట్టు మిషను నేర్చుకోవడం మానేసింది, ట్యాంకరు కోసం. నేను బి.ఎడ్. పరీక్ష ఫీజు కట్టి కూడా చదవలేకపోయాను. ఊరు పెరిగితే అవకాశాలు పెరుగుతాయంటారు. మాకు ఎదురుచూపులు పెరిగాయి.

తమాషా ఏమిటంటే, 2004లో కృష్ణా నీళ్ళు మొదటి దశ కింద సిటీకి వచ్చాయి. నల్గొండ జిల్లా కోదండాపురంలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో, సాగర్ రోడ్డు మీదుగా సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరాయి. అంటే మా పక్కనుంచే! కానీ మా వీధికి పైపు పడటానికి ఇంకా ఏళ్ళు పట్టింది. మహిళా మండలి పెట్టుకుని, ఖాళీ బిందెలు పట్టుకుని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కామో. కొళాయిలో మొదటిసారి నీళ్ళొచ్చిన రోజు ఎదురింటి పిన్నిగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు.

2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాదు అయింది. సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 600 దాటింది. మరుసటి ఏడు హుడా స్థానంలో వచ్చిన హెచ్ఎండీఏ పరిధి 7 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. మేం సిటీ దగ్గరికి వెళ్ళలేదు, సిటీయే మా దగ్గరికొచ్చింది. పన్నుల కాగితం ముందొచ్చింది, మురికి కాలువ తరవాత వచ్చింది.

2007 చివర్లో లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాం. కాగితం చేతికొచ్చాక హమ్మయ్య అనుకున్నాం. కాగితానికి క్రమబద్ధీకరణ ఉంటుంది గానీ, నీళ్ళకు ఉండదని అప్పుడు తట్టలేదు.

మూడడుగులూ చాలలేదు

2020 అక్టోబరు 13. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసిన రోజు. ఈసారి మా ఇంట్లోకీ వచ్చేశాయి. ఎందుకంటే ఇరవై ఏళ్ళలో మా వీధి రోడ్డు మీద రోడ్డు వేసి అడుగున్నర లేపారు. పైనున్న కుంటలో సగం పూడ్చి అపార్టుమెంట్లు కట్టారు. నీళ్ళకు ఆగే చోటు లేదు, పోయే దారీ లేదు. రాత్రి పదకొండింటికి మోకాలు లోతు మురుగునీళ్ళలో నిలబడి, దేవుడి పటాలూ, అమ్మాయి సర్టిఫికెట్లూ అటకమీద పెట్టాం. నాలుగు రోజుల తరవాత మళ్ళీ వాన. బాలాపూర్ గుర్రం చెరువుకు గండిపడి ఎన్నో బస్తీలు నీట మునిగాయి. వాళ్ళతో పోలిస్తే మేం నయం.

మన వైపు చెరువులు ఒంటరివి కావు, గొలుసుకట్టు. పై చెరువు నిండితే అలుగు దూకి కింది కుంటకు, అక్కణ్ణించి ఇంకో చెరువుకు, చివరకు మూసీకి. గొలుసులో ఒక్క లంకె తెంపినా, ఆ నీళ్ళు దిగువనున్న ఎవరో ఒకరి పడగ్గదిలోకి రావలసిందే.

ఇంకో సంగతి. ఆ పూడ్చిన కుంట పక్కన అపార్టుమెంట్లు లేచిన చోటే ఒకప్పుడు అక్క వాళ్ళ ఎకరం పొలం. 1991లో కూతురి పెళ్ళికి తొంభై వేలకు అమ్మారట. ఎకరమంటే 4,840 గజాలు. రోడ్లకూ పార్కుకూ పోను అరవై శాతం ప్లాట్లు చేసినా, గజం నూట యాభై చొప్పున నాలుగు లక్షల ముప్పై అయిదు వేలు. పార్కే వదలకపోతే ఇంకా ఎక్కువ. మేత పోయాక బర్రెలు పోయాయి. "మా పొలంల కట్టిన అపార్టుమెంటుల్నే అంట్లు తోముతున్న చెల్లె. ఏ ఇంట్ల మా బాయి ఉండెనో నాకెరుకే, ఆళ్ళకే తెల్వది" అంది ఓసారి నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే మన సొంతింటి సంబరం సగం చల్లారిపోతుంది.

అమ్మాయి ప్లాటు

ఇన్ని తెలిసినదాన్ని, ఆదివారం అమ్మాయితో ఒక్కదాన్నే వెళ్ళలేదు. అక్కనీ కారెక్కించుకున్నాను. అల్లుడు మొహమాటంగా నవ్వాడు.

వెంచరు అద్భుతంగా ఉంది. పెద్ద కమాను, రంగుల జెండాలు, ఏసీ గదిలో కూల్‌డ్రింకులు. "రీజనల్ రింగ్ రోడ్డు వస్తుంది మేడమ్, రేటు రెండింతలు" అన్నాడు కుర్రాడు. అమ్మాయి అప్పటికే యాభై వేలు టోకెన్ ఇచ్చేసింది. ఆ సంగతి నాకప్పుడే చెప్పింది.

అక్క మాత్రం ప్లాటు చివరిదాకా నడిచింది. కొంగు నెత్తిన వేసుకుని అటూ ఇటూ చూసింది. వంగి మన్ను తీసి నలిపింది. "నల్లరేగడి, బిడ్డా. గడ్డం తుంగ మొలిచింది చూడు. పైన కట్ట ఉన్నట్టుంది" అంది. కుర్రాడు అలాంటిదేమీ లేదన్నాడు. పక్క చేలో గొర్రెలు కాస్తున్న ముసలాయన్ని పిలిచి అడిగింది. "గది కుంట శిఖమే గదా, అవ్వా" అన్నాడాయన. ముచ్చటగా మూడు ముక్కల్లో తేలిపోయింది.

మర్నాడు అల్లుడే హెచ్ఎండీఏ వాళ్ళు వెబ్‌సైటులో పెట్టిన చెరువుల మ్యాపు తీసి చూశాడు. ఆ ప్లాటు సరిగ్గా పూర్తి నీటిమట్టం గీతను ఆనుకుని ఉంది! 2024 జులైలో హైడ్రా వచ్చాక, చెరువుల్లో కట్టిన ఇళ్ళు కూలుస్తుంటే టీవీలో చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం కదా. వాళ్ళలో ఎంతమందికి ముందు ఈ గీత సంగతి తెలుసు?

టోకెన్ తిరిగివ్వలేదు. యాభై వేలు పోయాయి. అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఫోన్ చేసి, "పెద్దమ్మకి చీర కొనాలమ్మా, ఏ రంగు కడుతుంది?" అని అడిగింది.

ఆకుపచ్చ అని చెప్పాను.

కొనేముందు ఇవి చూసుకోండి

* లేఔటుకు హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి నంబరు అడగండి. పంచాయతీ స్టాంపు చూసి మురిసిపోకండి.

* 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు రెరాలో నమోదై ఉండాలి. నంబరు తీసుకుని మీరే సరిచూసుకోండి.

* 'గుంటల్లో' అమ్మితే అది వ్యవసాయ భూమి అని గుర్తు. గుంట అంటే 121 గజాలు. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చన్న హామీ నోటి మాటే.

* పాతికెకరాలు, అంటే 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. మీ ప్లాటు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిపించండి.

* 30 ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. ఆ ఫీజుకు వెనకాడొద్దు.

* ఇవి పూర్తయ్యేదాకా టోకెన్ ఇవ్వకండి. ఇస్తే, తిరిగిచ్చే షరతు రాయించుకోండి.

* వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వెళ్ళి చూడండి. బస్సెంత దూరమో నడిచి చూడండి. రోజూ ఆ దారిన నడిచేది మీరే.

* అన్నిటికంటే ముఖ్యం, ఆ ఊళ్ళో బర్రెలో గొర్రెలో కాసినవాళ్ళని పలకరించండి. వానొస్తే నీళ్ళెటు పోతాయో వాళ్ళకి తెలుసు.