ఆకు తిప్పి చూస్తేనే తెలిసేది

కడియం, కడియపులంక నర్సరీల్లో ఫెర్న్ కొనేవాళ్లు ఆకు పైభాగమే చూస్తారు. అసలు గుర్తులు చాలావరకు అడుగున ఉంటాయి.

అపోహ: ఆకు కింద గోధుమరంగు చుక్కలొస్తే తెగులు పట్టినట్టే.

వాస్తవం: ఆ భయంతో ఆరోగ్యంగా ఉన్న మొక్కకు మందు కొట్టేస్తుంటారు, పాపం. ఆ చుక్కలు సిద్ధబీజాల గుంపులు. ఫెర్న్‌కి పువ్వూ విత్తనమూ ఉండవు, వంశవృద్ధికి ఇవే ఆధారం. పొలుసు పురుగులదీ అదే రంగు కాబట్టి తేడా తెలియాలి. సిద్ధబీజాల చుక్కలు చిట్టాకుల మీద ఒక క్రమంలో ఉంటాయి. పురుగులు కాడ మీదా, ఈనె మీదా ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటాయి, గోటితో గీకితే ఊడొస్తాయి.

అపోహ: పాత గోడ పగుళ్లలో మొలిచేదీ, కుండీలోదీ ఒకటే.

వాస్తవం: దూరం నుంచి అలాగే కనిపిస్తాయి. కుండీల్లో ఎక్కువగా పెంచేది నెఫ్రోలెపిస్. దాని చుక్కలు విడివిడిగా ఉంటాయి. సున్నపు గోడల్ని ఇష్టపడే టెరిస్ విట్టాటాకి చుక్కలే ఉండవు. చిట్టాకు అంచు పొడవునా ఒకే గీత ఉంటుంది, దాన్ని మడత పడిన అంచే కప్పుతుంది. ఇది నేలలోని ఆర్సెనిక్‌ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాబట్టి ఈ తేడా తెలియడం అవసరం కూడా.

నెఫ్రోలెపిస్‌లోనే కార్డిఫోలియా అనే జాతికి చిట్టాకు మొదట్లో చెవిలాంటి భాగం ఆకు నడికాడ మీదికి ఎక్కి ఉంటుంది. మట్టి తీస్తే గోళీల్లాంటి దుంపలు కనిపిస్తాయి. నెఫ్రోలెపిస్‌లోదే అయిన బోస్టన్ ఫెర్న్‌కి దుంపలుండవు.

అపోహ: ఆస్పరాగస్ ఫెర్న్ కూడా ఫెర్నే.

వాస్తవం: కాదు. పూలు పూసి, ఎర్రటి పళ్లు కాస్తుంది. శతావరికి చుట్టం.

అపోహ: వరిచేలో నాలుగు రేకుల ఆకు కనిపిస్తే అది మార్సీలియా క్వాడ్రిఫోలియానే.

వాస్తవం: నీటి ఫెర్న్‌లైన మార్సీలియాలన్నిటికీ నాలుగు రేకులే. మన మడుల్లో సాధారణంగా కనిపించేది మార్సీలియా మైన్యూటా. ఆకును నమ్ముకుంటే ఇక్కడ మోసపోతాం. నీళ్లు నిండుగా ఉంటే పొడవాటి కాడ మీద నున్నటి అంచుతో తేలుతుంది, చేను ఆరితే అదే మొక్క పొట్టి కాడలతో, నొక్కులు పడ్డ అంచుతో వస్తుంది. చేను ఆరాక కాడ మొదలు దగ్గర మట్టి తుడిచి చూడాలి. మిరియం కన్నా చిన్నవైన గట్టి కాయల్లాంటివి కాడ అడుగునే అంటుకుని ఉంటే మైన్యూటా. అడుగుకి కాస్త పైన, కాడ నుంచే పుట్టుకొస్తే క్వాడ్రిఫోలియా.