నలుపును వెతికే వెలుగు

పొద్దున తొమ్మిదింటికి బందరు రోడ్డు మీద నిలబడితే, కళ్లు మాత్రమే కనబడేలా చున్నీ చుట్టుకుని స్కూటీల మీద వెళ్లే అమ్మాయిలు వరసగా కనిపిస్తారు. ఎండకి, దుమ్ముకి అంటారు. ఆ చున్నీకి ఇంకో కారణం కూడా ఉండొచ్చని మా పిన్ని కూతురు చెప్పేదాకా నాకు తోచలేదు. ఉయ్యూరు నుంచి బస్సులో బెజవాడ కాలేజీకి వచ్చే పిల్ల. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు. పదిహేను రోజులకోసారి త్రెడ్డింగ్, మధ్యలో తలుపేసుకుని ప్లక్కర్‌తో పీక్కోవడం.

"లేజర్ చేయించుకుంటే ఇక జన్మలో రావంట కదక్కా?" అని నిరుడు వేసవిలో అడిగింది. నేను కనుక్కుని చెప్పేలోపే, ఆఫర్ ఉందని ఒక పార్లర్‌లో చేయించేసుకుంది. మూడో రోజుకి గడ్డం కింద గోధుమరంగు చారలు తేలాయి. అవి పోవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఇంద్రకీలాద్రి దగ్గర తలనీలాలిచ్చిన పిల్లవాడి నెత్తి నెల తిరక్కుండానే నల్లబడుతుంది. కత్తి పైనున్నదాన్నే తీస్తుంది, కుదురు జోలికి పోదు. గీస్తే మందంగా మొలుస్తాయన్న భయం కూడా ఉత్తిదే. 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ కొలిచి చూసి తేడా లేదని తేల్చారు. వ్యాక్సింగ్ వెంట్రుకను వేరుదాకా లాగినా, దాన్ని మొలిపించే కణాలు లోపలే మిగులుతాయి. నలుగు పెట్టినా, దుగ్గిరాల పసుపు ఎంత రాసినా అంత లోతుకి చేరవు.

లేజర్ చేరుతుంది. 1983లో హార్వర్డ్ పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ దీనికి మూలమైన సూత్రాన్ని ప్రచురించారు. తగిన కాంతిని సెకనులో వెయ్యోవంతుల లెక్కన పంపితే, అది తాను వెతికే రంగునే వేడెక్కిస్తుంది, పక్కదాన్ని వదిలేస్తుంది. వెంట్రుకలో ఆ రంగు మెలనిన్. నల్లటి వెంట్రుక వెలుగును పీల్చుకుని కాగుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన చర్మానికి చామనచాయ ఇచ్చేది కూడా ఆ మెలనినే. వెలుగుకి వెంట్రుకా చర్మమా అన్న తేడా తెలియదు, ఎక్కడ నలుపుంటే అక్కడ పట్టుకుంటుంది. లేజర్ గురించి తెలుసుకోవాల్సిన సగం జాగ్రత్తలు ఈ ఒక్క మాటలోంచే పుడతాయి.

1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చూసి రకాలుగా విభజించాడు. ఇప్పుడు వాడుతున్న ఆరు రకాల్లో మనవాళ్లు ఎక్కువమంది నాలుగూ ఐదుల్లోకి వస్తారు. తెల్లటి చర్మానికి బాగా పనిచేసే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ మన ఒంటిమీద పైపొరనే కాల్చే ప్రమాదం ఎక్కువ. 810 దగ్గర పనిచేసే డయోడ్‌ను చల్లబరిచే ఏర్పాటుతో, అలవాటైన చేతులు వాడితే నయం. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ పైపొరను ఎక్కువగా తాకకుండా లోతుకి దిగుతుంది కాబట్టి నల్లటి చర్మానికి అన్నిటికంటే భద్రం. అందుకే లోపలికి అడుగుపెట్టగానే ధర కంటే ముందు మెషిన్ ఏదో అడగండి. చెవి కిందో దవడ కిందో చిన్న మచ్చంత చోట పరీక్షించి, కొన్నాళ్లు ఆగి చూద్దామంటారో లేదో గమనించండి. అదే రోజు మొత్తం కానిచ్చేద్దాం అనేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

మా పిల్ల చేసిన పొరపాటు కాలానిది కూడా. రోళ్లు పగిలే రోహిణి కార్తె ముందు, బస్‌స్టాపుల్లో నిలబడి నల్లబడ్డ ముఖంతో వెళ్లింది. ఎండకి కమిలిన చర్మంలో మెలనిన్ ఇంకా పేరుకుని ఉంటుంది. కార్తీకం తర్వాత మొదలుపెట్టడం మన ఊళ్లకి అనువు. రోజంతా నాట్లలోనో కోతల్లోనో ఉండే మనిషికి ఇది చేయొద్దనే నేను చెబుతాను. పచ్చబొట్టు మీద, పుట్టుమచ్చ మీద లేజర్ పడకూడదు. కనురెప్పల దగ్గర అసలే వద్దు, కళ్లకి గాగుల్స్ పెట్టి తీరాలి. ఇక తెల్లబడ్డ వెంట్రుకలో వెతకడానికి నలుపే లేదు కాబట్టి, డబ్బు పోవడం తప్ప ఫలితం ఉండదు.

ఎన్ని సిట్టింగులు అన్నదానికి డెల్టా రైతుని అడిగినా సగం జవాబు చెబుతాడు. తుంగను కోస్తే మళ్లీ లేస్తుంది, గడ్డలు నేలలో ఉంటాయి. కలుపు మందు కొట్టినా పచ్చగా ఎదిగే మొక్కే దాన్ని తాగుతుంది, నిద్రపోతున్న గడ్డకి అందదు. వెంట్రుకలూ అంతే. ఎదిగే దశలో ఉన్నవే లేజర్‌కి లొంగుతాయి, మిగతావి తమ వంతు వచ్చేదాకా దాక్కుంటాయి. అందుకే ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఒంటికి ఇంకాస్త ఎడంతో, ఆరు నుంచి ఎనిమిది సార్లు. ముహూర్తం రెండు నెలలుందనగా మొదలుపెడితే పెళ్లిపీటల నాటికి సగం పని కూడా అవదు. మొదటి సిట్టింగ్‌కి నెలా నెలన్నర ముందు నుంచీ త్రెడ్డింగ్, వ్యాక్సింగ్ ఆపాలి. వెంట్రుక లోపల ఉంటేనే వేడి కుదురుని చేరుతుంది. ఇన్నేళ్లూ దాచుకున్న పిల్లకి ఆ నెల నరకమని నాకు తెలుసు. రేజర్ వాడొచ్చు, అందులో తప్పేమీ లేదు.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అసలు ఎందుకొస్తున్నాయని. గడ్డం మీద, పొట్ట మీద ముతక వెంట్రుకలు, నెలసరి తప్పడం, బరువు పెరగడం కలిసి ఉంటే మన ఇళ్లలో పీసీఓడీ అంటున్న హార్మోన్ల సమస్య కావొచ్చు. రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించాలి. గొంతు బొంగురుపోతూ వెంట్రుకలు హఠాత్తుగా పెరుగుతుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. హార్మోన్‌ని సరిచేయకుండా లేజర్ ఒక్కటే నడిపితే కొత్త కుదుళ్లు మేల్కొంటూనే ఉంటాయి. కొందరిలో లేజర్ తగిలిన చుట్టుపక్కల సన్నటి నూగు కాస్తా నల్లగా మారుతుంది. ముఖం, మెడ మీద, హార్మోన్ల తేడా ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ.

'జన్మలో రావు' అన్న మాట ఎవరన్నా నమ్మకండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా దీన్ని శాశ్వతంగా తగ్గించడం అంటుందే తప్ప పూర్తిగా పోగొట్టడం అనదు. చేసేవాళ్లకి వైద్య మండలి రిజిస్ట్రేషన్ ఉందా, చర్మవ్యాధుల్లో చదువుందా చూడండి. మొటిమలకి వాడే మాత్రలతో సహా ఏం మింగుతున్నారో దాచకుండా చెప్పండి. గర్భిణులు వాయిదా వేసుకోవాలి. నొప్పి తెలియకుండా చేసే తిమ్మిరి క్రీమ్ కదా అని కాళ్లంతా రాసి ప్లాస్టిక్ చుట్టుకోవడం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. 2007లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా దీనిమీద హెచ్చరించింది. సిట్టింగ్ తర్వాత ఒకటి రెండు రోజులు ఎర్రగా, కుదుళ్ల చుట్టూ ఉబ్బుగా ఉండటం మామూలే. బొబ్బ లేస్తే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

మా పిల్లకి పరీక్షల్లో పీసీఓడీ అని తేలింది. మందులు వాడుతూ, చారలు మాసిపోయాక పుష్యమాసంలో యాగ్ మెషిన్‌తో మళ్లీ మొదలుపెట్టింది. మూడు సిట్టింగులయ్యాయి. నాలుగోది రోహిణి కార్తె దాటాక చూద్దామందట డాక్టరమ్మ. మధ్యలో మొలిచేవాటిని రేజర్‌తో తీసుకుంటోంది. చున్నీ మాత్రం మానలేదు, ఇప్పుడు నిజంగా ఎండకే చుట్టుకుంటోంది.